మెడ లేనిదానికి గంట

అనగనగా ఒక అడవిలో, జంతువుల అడుగులకన్నా బూట్ల జాడలే ఎక్కువైపోయిన ఒక కొండ అడవిలో, ఆరు కంచరగాడిదలు ఉండేవి.

పిల్లలూ, కంచరగాడిదంటే తెలుసుగా? తల్లి గుర్రం, తండ్రి గాడిద. అందుకని గుర్రాల ఇళ్ళలో పెళ్ళయితే దాన్ని పిలవరు. గాడిదలు పిలుస్తాయి గానీ, వెళ్ళడానికి దానికే నామోషీ. సైన్యంలో మాత్రం దానికి మహా గిరాకీ. జీపు ఎక్కలేని కొండ అది ఎక్కుతుంది. ఎక్కినందుకు జీతం అడగదు, పతకం అడగదు. అంతకన్నా మంచి ఉద్యోగి ఎక్కడ దొరుకుతాడు?

సరే, కథలోకి వద్దాం. కొండ కింద సిపాయిల శిబిరం ఉండేది. కొండ మీద పన్నెండుమంది సిపాయిల కాపలా గుడిసె ఉండేది. ఆ పన్నెండుమందికి బియ్యం, పప్పు, మందులు, ఇంటినుంచి వచ్చిన ఉత్తరాలు, అన్నీ ఈ ఆరు వీపులమీదే పైకి వెళ్ళేవి. వాటిని చూసుకునేవాడు హవల్దారు ఓబులేసు.

కంచరగాడిదలకు ఒక అలవాటు ఉంది. గంట కట్టిన ఆడ గుర్రం ముందు నడిస్తే చాలు, తాడూ కర్రా అక్కర్లేకుండా దాని వెనకే నడుస్తాయి. గంట ఎటు మోగితే అటే. ఇక్కడ ఆ గంట గవ్వలమ్మ అనే ముసలి తెల్ల గుర్రం మెడలో ఉండేది. ఆరుగురి తల్లులూ గుర్రాలే కాబట్టి అందరూ ఆమెను పెద్దమ్మా అనేవాళ్ళు.

గవ్వలమ్మ నడక చూసితీరాల్సిందే. నేల మీద అనుమానం వస్తే ఆగేది. గిట్టతో మూడుసార్లు తట్టేది. వాసన చూసేది. బాగుంటే అడుగు వేసేది, లేకపోతే చుట్టుదారి పట్టేది. ప్రతి మలుపు దగ్గరా మెడ తిప్పి వెనక్కి చూసేది. ఆరూ కనబడితేగాని కదిలేది కాదు. ఆ వ్యవధిలో ఓబులేసు బీడీ ముట్టించుకునేవాడు.

ఆమె వెనక రెండో స్థానంలో నడిచేవాడు సింగారం. నీళ్ళ బకెట్టులో మొహం చూసుకుని గానీ నీళ్ళు తాగడు. అంత అందగాడు ఒక ముసలిదాని తోక చూస్తూ నడవాల్సి రావడం వాడి బాధ.

"పెద్దమ్మా, నువ్వు ఊరికే ఆగుతుంటే నా నడక అందం చెడిపోతోంది" అనేవాడు.

"అందం సంగతి పైకి చేరాక చూద్దాం నాయనా" అనేది గవ్వలమ్మ.

ఒకరోజు శిబిరానికి ఒక లారీ వచ్చింది. అందులోంచి ఒక వస్తువు దిగింది. దానికి నాలుగు కాళ్ళున్నాయి. తల లేదు. తోక లేదు. మెడ అసలే లేదు. కదిలితే పిండిమర చప్పుడు. సిపాయిల బరువులు మోయడానికి చేసిన రోబో అట. దాని పేరు వజ్రపాదం. పేరు పెట్టిన పెద్దమనిషి కూడా వెంట వచ్చాడు, ఎండలో కోటు వేసుకుని. కంపెనీవాడు.

వజ్రపాదం మూడు విద్యలు చూపించింది. నాలుగు బస్తాలు మోసింది. సిపాయిలు చప్పట్లు కొట్టారు. మెట్లెక్కింది. చప్పట్లు. చివరికి కంపెనీవాడు వెనక్కి నాలుగడుగులు వేసి, పరుగున వచ్చి, దాని డొక్కలో ఒక్క తన్ను తన్నాడు. అది తూలింది, తమాయించుకుంది, నిలబడింది. శిబిరమంతా ఈలలు! మేజరుగారు కుర్చీలోంచి లేచి మరీ చప్పట్లు కొట్టారు.

కంచరగాడిదల్లో పెద్దవాడు బండోడు. నచ్చని నేలమీద అడుగు పెట్టమంటే సాయంత్రందాకా పెట్టడు. వాడు ఇదంతా చూసి, "మనల్ని ఇన్నేళ్ళుగా తంతున్నారు కదరా. ఒక్కడైనా చప్పట్లు కొట్టాడా?" అన్నాడు.

"నువ్వు తన్నులు తింటూ సణుగుతావు. అది సణగలేదు. అదీ సంస్కారం!" అన్నాడు సింగారం.

కంపెనీవాడు గవ్వలమ్మను చూపించి అడిగాడు: "మీ గుర్రం దారిలో ఎన్నిసార్లు ఆగుతుంది?"

"పదకొండుసార్లయినా ఆగుద్ది సార్" అన్నాడు ఓబులేసు.

"మాది సున్నా."

మేజరుగారికి సున్నా చాలా నచ్చింది. చాలా ఏళ్ళ తర్వాత ఆయనకు ఒక ఆలోచన కూడా వచ్చింది. "ఆ గంట విప్పి దీనికి కట్టు ఓబులేసూ. ఆరూ దీని వెనకే పోతాయి."

"ఎక్కడ కట్టమంటారు సార్? మెడ లేదుగా."

"ఎక్కడో ఒకచోట కట్టవయ్యా!"

ఓబులేసు గవ్వలమ్మ మెడలోంచి గంట విప్పాడు. వజ్రపాదం ముందుభాగంలో ఒక ఇనప కమ్మీకి తీగతో చుట్టాడు. సింగారం సంబరానికి అంతులేదు. వెళ్ళి దాన్ని పలకరించాడు.

"అయ్యా, తమరికి ఈ కొండదారి తెలుసునా?"

వజ్రపాదానికి వచ్చిన మాట ఒక్కటే. అది అంది: "మార్గం సరిగ్గా ఉంది. ముందుకు సాగుతున్నాను."

"చూశారా! ఎంత ఆత్మవిశ్వాసం!" అన్నాడు సింగారం.

"ఇంకా బయల్దేరలేదు కదరా" అంది గవ్వలమ్మ.

నాలుగురోజులు వాన కురిసి వెలిసింది. పైనుంచి కబురొచ్చింది, ఇద్దరు సిపాయిలకు చలిజ్వరం, మందులు కావాలని. తెల్లారగానే బరువులు కట్టారు. ఓబులేసు మందుల పెట్టెను బండోడి వీపుమీద బిగించాడు.

"అది ఎక్కడబడితే అక్కడ ఆగిపోతుంది కదయ్యా!" అన్నారు మేజరుగారు.

"అందుకే సార్" అన్నాడు ఓబులేసు.

మేజరుగారికి అర్థం కాలేదు. అర్థం కానప్పుడు ఆయన మీసం సవరించుకునేవారు. సవరించుకున్నారు.

"గవ్వలమ్మను ఊరికే వెనక రానివ్వండి సార్. కొండకు అలవాటుపడ్డ ప్రాణం" అని ఓబులేసు బతిమాలాడు.

"వెనకే. ముందుకు మాత్రం రాకూడదు."

గంట మోగింది. ఆరు జతల ముందుగిట్టలు లేచాయి. కంపెనీవాడూ మేజరుగారూ కిందే కూర్చుని, వజ్రపాదం కథంతా తెరమీద చూస్తూ టీ తాగారు.

మొదట వాగు వచ్చింది. వజ్రపాదం లోతు చూడకుండా దిగి దాటేసింది. వెనకవాళ్ళ పప్పు బస్తాలు తడిశాయి. గంట ఆగలేదు.

తర్వాత ముళ్ళపొద దారికి అడ్డంగా వచ్చింది. ఇనుముకు ముల్లేం చేస్తుంది? అది దూసుకుపోయింది. వెనకవాళ్ళ డొక్కలు చీరుకుపోయాయి, ఒకడు మోకాళ్ళమీద పడ్డాడు. గంట ఆగలేదు.

"ఒరే సింగారం, ఒకడు పడ్డాడురా!" అని వెనకనుంచి బండోడు అరిచాడు.

"మాకు ఆగే అలవాటు లేదు" అన్నాడు సింగారం. ఆ 'మాకు' చూశారా పిల్లలూ? మొన్న లారీ దిగిన వస్తువుతో వీడికి చుట్టరికం కలిసింది.

మూడోది లోయ పక్క ఇరుకుదారి. పైకి పచ్చగా గడ్డి, చూడ్డానికి తివాచీలా ఉంది. కింద మట్టినంతా వాననీళ్ళు కోసుకుపోయాయి. వజ్రపాదం దానిమీదికి నడిచింది. సింగారం ముందుకాలు మోపాడు. గిట్టకింద డొల్లగా మోగింది. వాడికి తెలిసింది. బాగా తెలిసింది. కంచరగాడిద గిట్ట అబద్ధం చెప్పదు.

వెనకనుంచి గవ్వలమ్మ సకిలించింది. "నాయనా, గంట మాట వినకు! నీ కాలి మాట విను!"

సింగారం ఒక్కక్షణం నిలబడ్డాడు. వెనక్కి తగ్గితే బండోడు నవ్వుతాడు. ఇన్నిరోజులూ కొట్టిన గొప్పలన్నీ మట్టిలో కలుస్తాయి. ముందు గంట మోగుతోంది. వాడు రెండో కాలు కూడా వేశాడు.

దారి కూలిపోయింది.

వజ్రపాదం లోయలోకి దొర్లిపోయింది. దొర్లుతూ కూడా, "మార్గం సరిగ్గా ఉంది. ముందుకు సాగుతున్నాను" అంది. సింగారం కొంతదూరం జారి ఒక చెట్టు వేరుకు చిక్కుకుని వేలాడాడు. మిగిలిన ఐదూ గంట చప్పుడుకు అలవాటుకొద్దీ అంచువైపే కదిలాయి. గవ్వలమ్మ పరుగున వచ్చి దారికి అడ్డంగా నిలబడింది. బండోడు ఆమె వెనక నాలుగుకాళ్ళూ నేలకు తన్నిపట్టి, మిగతా నలుగురికీ గోడలా నిలిచాడు.

ఓబులేసు అంచున పడుకుని కత్తితో సింగారం జీను కోశాడు. బియ్యం బస్తాలు లోయలోకి పోయాయి. నడుముకు తాడు వేసి బండోడిచేత లాగిస్తే వాడు పైకి వచ్చాడు. ఒక ముందుకాలు వాచి వేలాడుతోంది.

"నువ్వీ రాయి పక్కనే ఉండరా, తిరిగొచ్చేటప్పుడు తీసుకుపోతాను" అని ఓబులేసు వాడి మెడ నిమిరాడు.

లోయ అడుగున వజ్రపాదం వెల్లకిలా పడి ఉంది. నాలుగు కాళ్ళూ ఆకాశంలో నడుస్తున్నాయి. గంట మోగుతూనే ఉంది. అది విన్నప్పుడల్లా సింగారం కుంటికాలు దానంతటదే లేచేది. వాడు సిగ్గుతో దించుకునేవాడు.

గవ్వలమ్మ మెడలో ఏమీ లేకుండానే పై చుట్టుదారి పట్టింది. మొదట ఐదూ బిక్కచూపులు చూశాయి. ముందుగా బండోడు కదిలాడు, వాడి వెనక మిగతా నలుగురూ. మలుపు దగ్గర ఆమె ఆగి మెడ తిప్పి చూసింది. ఐదూ కనబడ్డాయి. అయినా కదలలేదు. కింద రాయి పక్కన ఆరోవాడు కనబడేదాకా చూసి, అప్పుడు కదిలింది.

మధ్యాహ్నానికి మందులు పైకి చేరాయి. జ్వరపడ్డవాళ్ళు లేచి కూర్చున్నారు.

కింద కంపెనీవాడు నివేదిక రాశాడు: దారిలో ఆగిన సార్లు, సున్నా. మేజరుగారు సంతకం పెట్టారు. అబద్ధం లేదు కదా!

"గంట లోయలో పోయింది. ఆ గుర్రానికి కొత్తది తెప్పించాలి" అన్నారు ఆయన, ఓబులేసు దిగివచ్చాక.

"అక్కర్లేదు సార్. ఇప్పుడు గంట లేకుండానే వస్తున్నాయి."

నెల తర్వాత సింగారం కాలు నయమైంది. రెండో స్థానం ఎవరూ వద్దనలేదు, వాడే వద్దన్నాడు. అందరికన్నా వెనక నడిచాడు. ప్రతి మలుపు దగ్గరా తల బాగా ఎత్తి నిలబడేవాడు, పెద్దమ్మకు వెతికే పని లేకుండా.

నీతి: గంట ఉన్నంత మాత్రాన ఎవరూ నాయకులు కారు, మలుపు దగ్గర ఆగి వెనక్కి చూసేవాళ్ళ వెనకే నడవాలి.