అరగంటకోసారి లేవని మనిషి

కోటిరత్నంగారిని ఏదైనా అడిగితే సమాధానం చెప్పరు. "చూద్దాంలే" అంటారు. చీరాలలో పాతికేళ్లుగా నడుములు బాగుచేస్తున్న ఫిజియోథెరపిస్టు ఆవిడ. అచ్చాఫీసులో వంగి ప్రూఫులు దిద్దీ దిద్దీ నడుం పోగొట్టుకున్న నేను మూడు వారాలపాటు ఆవిడ క్లినిక్‌లో ఒక బల్ల మీద బోర్లా పడుకున్నాను. బోర్లా పడుకున్న మనిషి చెయ్యగలిగిన పని వినడం ఒక్కటే. ఈ సంగతి నాకు అలా తెలిసింది. పూర్తిగా అర్థమైందని మాత్రం చెప్పను.

చదువు ముగించి ఆవిడ దగ్గర పని నేర్చుకుంటున్న జోయెల్ ఒక ఉదయం ఆవిడని అడిగాడు. "మేడమ్, రోగి మన మాట వింటానంటాడు, వినడు. అప్పుడు తప్పెవరిదండీ?"

అతని బాధంతా ఏకాంబరం గురించి. జాండ్రపేటలో నేత పని అతనిది, నలభై ఆరేళ్లు. గుంట మగ్గం అంచున కూర్చుని, కాళ్లు గుంటలోకి దించి, రోజుకి పది గంటలు ముందుకి వంగి నేస్తాడు. నడుం నొప్పి ఎడమ తొడదాకా దిగింది. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుం పైకెత్తడం, బోర్లా పడుకుని మోచేతుల మీద ఛాతీ లేపడం జోయెల్ ఓపిగ్గా నేర్పాడు. అవన్నీ ఏకాంబరం రెండు పూటలా పొల్లు పోకుండా చేస్తున్నాడు. అరగంటకోసారి మగ్గం మీద నుంచి లేచి రెండు నిమిషాలు నడవమంటే మాత్రం "అట్టాగేనండి" అంటాడు, లేవడు. జోయెల్ అతని ఫోన్‌లో అలారం కూడా పెట్టి ఇచ్చాడు. అది మోగీ మోగీ దానికే విసుగొచ్చి ఉంటుంది. "ఇంకాస్త కరెంటు పెట్టండి సార్, అదే పోద్ది" అనేవాడు ఏకాంబరం. మెషీన్ పెట్టడాన్ని మా ఊళ్లో అలాగే అంటారు. నేనూ అడిగి తిట్లు తిన్నవాణ్ణే.

ఆ వారం అతను ఇంకో మాటన్నాడు. "ఈ నెల్లో తగ్గకపోతే గుంట పూడ్చేస్తానండి. కల్యాణమండపంలో వాచ్‌మెన్ పని ఉందన్నారు." అది వాళ్ల తాత తవ్వుకున్న గుంట. అతనూ, అతని అక్క చౌడమ్మా ఆ ఒక్క మగ్గం మీదే బతుకుతున్నారు. మాట అనేసి అతను గోడవైపు తిరిగి చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. జోయెల్‌కి భయం పట్టుకుంది. ఒక మగ్గం తన చేతుల్లో ఆగిపోతుందేమోనని తిండి కూడా సరిగ్గా తినలేదట.

కోటిరత్నంగారు ఎప్పటిలాగే "చూద్దాంలే" అని, ఆదివారం జోయెల్‌ని వెంటబెట్టుకుని జాండ్రపేట వెళ్లారు. అక్కడ జరిగింది జోయెల్ మర్నాడు నా బల్ల పక్కన నిలబడి చెప్పాడు, నన్నే తీర్పు చెప్పమన్నట్టుగా.

ఏకాంబరం నేసేది పెద్దంచు చీరలు. అంచుకి పోగు తీసుకెళ్లే నాడె వేరే ఉంటుంది. దాన్ని అందుకుని తిప్పి పంపడానికి పక్కనే ఇంకో మనిషి కూర్చోవాలి. ప్రతి పోగుకీ ఇద్దరి చేతులూ కలవాల్సిందే. ఒకరు లేస్తే రెండోవారు చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఆ పక్క చోటు చౌడమ్మది. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆవిడే. భర్త పోయి పుట్టింటికొచ్చిన రోజు నుంచీ అక్కడే కూర్చుంటోంది.

మేడమ్ గంటసేపు కూర్చుని చూశారు. ఇద్దరిలో ఎవరూ లేవలేదు. అలారం మోగితే ఏకాంబరం వేలితో నొక్కేశాడు. అప్పుడావిడ మంచినీళ్లు అడిగారు. చౌడమ్మ మగ్గం గుంజ పట్టుకుని లేచింది. నాలుగడుగులు వంగే నడిచి, ఐదో అడుగుకి నిటారుగా అయింది. ఏకాంబరం కళ్లు పోగుల మీదే ఉన్నాయి. మేడమ్ చౌడమ్మ వెనకే పెరట్లోకి వెళ్లి ఏదో చెప్పారు. ఆవిడ పమిటతో కళ్లు తుడుచుకుంది. తర్వాత మేడమ్ ఏకాంబరాన్ని వీధి గుమ్మందాకా పిలిచి ఏదో చెప్పారు. అతను తల దించుకున్నాడు. ఇద్దరికీ రెండేసి నిమిషాలు. ఆటోలో జోయెల్ ఎంత అడిగినా "చూద్దాంలే" తప్ప ఇంకో మాట లేదట.

పది రోజులకి ఏకాంబరం తేలిగ్గా నడుచుకుంటూ వచ్చాడు. నేను తెర ఇవతల ఉన్నాను.

"ఇప్పుడు అరగంటకోసారి లేస్తున్నారా?" అన్నాడు జోయెల్.

"లేవకపోతే ఎట్టా సార్. అక్కకి నడుం నొప్పంట, మేడంగారు చెప్పారు. ఇన్నేళ్లు పక్కనే కూర్చుని నాకు తెలవలేదు. నేను కూర్చునుంటే ఆవిడ లేవదు. అందుకని నేనే లేస్తన్నా. అక్కతో అనమాకండి."

"మరి గుంట పూడుస్తానన్నారు?"

"ఇప్పుడా మాటెందుకులెండి," అన్నాడు ఏకాంబరం.

మర్నాడు చౌడమ్మ వచ్చింది, నడుముకి కాపడం పెట్టించుకోవడానికి. వచ్చీ రాగానే గొంతు తగ్గించింది. "నేను కూర్చున్నంతసేపూ తమ్ముడు లేవడని మేడంగారు చెప్పారయ్యా. అందుకని కాళ్లు తిమ్మిరెక్కినయ్యని సాకు చెప్పి లేస్తన్నా. వాడూ లేస్తన్నాడు. వాడికి చెప్పమాక."

"మరి మీ నొప్పి ఎలా ఉందండీ?"

"నాదేముందయ్యా. వాడికి తగ్గింది, అది చాలు."

జోయెల్ తెర తొలగించుకుని నా దగ్గరికొచ్చాడు. "మీరైనా చెప్పండి సార్, వీళ్లిద్దరిలో రోగి ఎవరు?" నాకు నవ్వొచ్చింది. నాకూ తెలియదన్నాను. నిజంగానే తెలియలేదు.

ఆ సాయంత్రం కోటిరత్నంగారు తడి తువ్వాళ్లు పిండి ఆరేస్తుంటే అతను వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు. "మేడమ్, ఆయన ఆవిడ కోసం లేస్తున్నాడు. ఆవిడ ఆయన కోసం లేస్తోంది. నేను నేర్పిన వ్యాయామం పనిచేసిందో లేదో కూడా నాకు అర్థం కావడం లేదు. ఇంతకీ మనం బాగుచేసింది ఎవర్నండీ?"

ఆవిడ చేతిలోని తువ్వాలు దులిపి తీగ మీద వేశారు.

"శుక్రవారం ఇద్దరూ వస్తారు. వైద్యం ఎవరికి జరిగిందని విడివిడిగా అడుగు. ఇద్దరిలో ఒక్కరు తన పేరు చెప్పినా, శనివారం నుంచి నా కుర్చీలో నువ్వు కూర్చో."