పుల్లచెట్టు భుజమ్మీద తేనెబుగ్గ

ఒకప్పుడు, మాఘమాసంలో ఒక రోజు పొద్దున్న ఆరు గంటలకి, చలికొండ మీద సింగారమ్మ పొయ్యి రాజేస్తోంది. ఆపిల్ గింజలు అమ్మ మాట వినే కాలం అది. ఏ పండు గింజ నాటితే ఆ పండే కాసేది. పిసరంత తేడా వచ్చేది కాదు.

సింగారమ్మ విరిగిన ఎముకలకి కట్లు కట్టేది. ఆవిడ తోటలో రెండు ఆపిల్ చెట్లుండేవి.

ఒకటి తేనెబుగ్గ. కొండ మీద అన్నిటికంటే పాతది. పండు చిన్నది, పసుపు పచ్చగా ఉండి ఒక బుగ్గ మాత్రం ఎర్రగా ఉండేది. కట్టు బిగించేటప్పుడు ఏడ్చే పిల్లల నోట్లో సింగారమ్మ ఆ పండు ముక్క పెట్టేది. ఏడుపు ఆగిపోయేది. ఆ జాతిలో మిగిలింది ఆ చెట్టొక్కటే.

పక్కనే పుల్లచెట్టు. దాని కాయ కొరికితే మేకలు కూడా మొహం తిప్పుకునేవి. వేళ్లు మాత్రం బండల సందుల్లోకి దిగి గట్టిగా ఉండేవి.

తేనెబుగ్గకి ఒకటే బెంగ.

"అందరూ నాలాగే కాయాలి. మీరు దారి తప్పితే నా తీపి ఈ లోకంలో ఉండదు," అని గింజలకి రోజూ చెప్పేది.

పండు లోపల అయిదు గదుల్లో గింజలు గొణిగేవి.

"నాకు ఒళ్లంతా ఎర్రగా కాయాలని ఉందమ్మా."

"నాకు కొంచెం పుల్లగా..."

"నోరు మూసుకుని పడుకోండి," అనేది చెట్టు. గింజలు ముక్కులు చీదుకుంటూ పడుకునేవి.

ఆ రోజు సింగారమ్మ పొయ్యి అంటుకునేలోపే వడగళ్లు పడ్డాయి. తోటలో ఫెళఫెళమని కొమ్మలు విరిగిన చప్పుడు. వాన ఆగేసరికి పొగమంచు కమ్మేసింది. వెదురు బద్దలు, పాత చీర పేలికలు పట్టుకుని ఆవిడ పరిగెత్తింది.

కాలికి ఒక చిన్న కొమ్మ తగిలింది. వాసన చూసి తేనెబుగ్గదే అని గుర్తుపట్టింది.

"భయపడకు తల్లీ, ఇప్పుడే కట్టేస్తాను," అంది.

మంచులో ఏమీ కనపడక, తడుముకుంటూ వెళ్లి, చేతికి తగిలిన విరిగిన కొమ్మ మొండిని పట్టుకుంది. రెండు కొసలూ కత్తితో నున్నగా చెక్కింది. బెరడుకి బెరడు ఆనేలా పెట్టింది. బద్దలు వేసి, పేలిక చుట్టి, పైన తడిమట్టి మెత్తింది.

మంచు తేలిపోయింది. మొగుడు గాసయ్య వచ్చి చూసి పడీపడీ నవ్వాడు.

"ఎవరి చెయ్యి ఎవరికి కట్టావే! అది పుల్లచెట్టు! రేపు నా కాలు విరిగితే తీసుకెళ్లి మేకకి కట్టేలా ఉన్నావు!"

"నీ కాలంటే మేక మాత్రం ఒప్పుకుంటుందా?" అంది సింగారమ్మ. కానీ ఆవిడ మొహం పాలిపోయింది. తేనెబుగ్గ మొదలు దాకా చీలి, పక్కకి ఒరిగి ఉంది.

"విప్పేసి దానికే కట్టు."

"కట్టిన కట్టు అమావాస్య దాటేదాకా విప్పకూడదు. మా అమ్మ విప్పలేదు, నేనూ విప్పను."

వాళ్లు వెళ్లాక పుల్లచెట్టు మెల్లగా అంది: "అక్కా, నీ చెయ్యి నా భుజానికి వచ్చింది."

"చూశాను. బరువుగా ఉందా?"

"లేదు. పాపం, దాహంగా ఉంది దానికి. నా నీళ్లు పుల్లగా ఉన్నాయని మొహం చిట్లించింది. అయినా తాగుతోంది."

తేనెబుగ్గ పుల్లచెట్టు వైపు తిరిగింది. "ఇన్నేళ్లు పక్కనే ఉన్నావు. ఒక్కసారైనా నిన్ను పలకరించలేదు నేను."

"ఇప్పుడు పలకరించావుగా."

తేనెబుగ్గ చివరి పండు గడ్డిలో పడి ఉంది. చెట్టు దానివైపు చూసింది.

"పిల్లలూ! నా తీపి ఇంక మీరు మోయక్కర్లేదు. మోసేవాళ్లు దొరికారు. మీ ఇష్టం వచ్చినట్టు కాయండి."

"ఎర్రగా కూడానా?"

"ఎర్రగానే కాయి."

"పుల్లగా కాస్తే కోప్పడవా అమ్మా?"

"మీ పిన్ని పుల్లగా లేదూ? ఎంత మంచిదో చూడండి."

సాయంత్రానికి తేనెబుగ్గ కళ్లు మూసింది. ఆ రోజు గింజలు ఏడవకుండా పడుకున్నాయి.

అమావాస్య దాటింది. సింగారమ్మ కట్టు విప్పింది. కొమ్మ ఊడి రాలేదు. అతికిన ఎముక మీద లేచినట్టు అక్కడ చిన్న బుడిపె లేచింది. దాని పైన మొగ్గలు పగిలి, పచ్చటి ఆకు కొసలు తొంగి చూస్తున్నాయి.

"ఇటు రావయ్యా," అని ఆవిడ కేక వేసింది. గాసయ్య వచ్చాడు. ఈసారి నవ్వలేదు. వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి పుల్లచెట్టు మొదట్లో పోశాడు.

అప్పటినుంచే ఆపిల్ గింజ నాటితే అమ్మలాంటి పండు కాయదు. తన ఇష్టం వచ్చిన పండు కాస్తుంది. అమ్మ పండే కావాలంటే, అమ్మ కొమ్మ తెచ్చి ఇంకో చెట్టుకి అంటు కట్టాలి. ఏ ఆపిల్ తోటకైనా వెళ్లినప్పుడు చెట్టు మొదట్లో తడిమి చూడండి. ఒక బుడిపె చేతికి తగులుతుంది. అది పుల్లచెట్టు భుజం.