ఖాళీ చిలక్కొయ్య

అనగనగా అంటే ఎప్పుడనగా? మన ముత్తాత ముత్తాతకి ఇంకా మూతిమీద మీసం రాని రోజులనగా. ఊ కొడుతూ వినండి. ఊ కొట్టేవాళ్ళు లేకపోతే నేను నోరు విప్పను, ముందే చెప్తున్నాను.

ఏరు సముద్రంలో కలిసే చోట ఒక తిప్ప ఉండేది. నాలుగు పక్కలా నీళ్ళు, నడుమ ఇంత ఇసక, ఆ ఇసకలో పొన్నచెట్లు. అందుకని దాని పేరు పొన్నతిప్ప. పొన్నమానులే ఓడలకి తెరచాప కొయ్యలు. ఆ ఓడలు సముద్రం దాటి బర్మాలోని రంగం దాకా పోయేవి. ఉప్పు తీసుకెళ్ళి టేకు తెచ్చేవి. పోయినవి చాలావరకు తిరిగొచ్చేవి. కొన్ని వచ్చేవి కావు.

రాని వాళ్ళ కోసం తిప్పలో ఒక ఆచారం ఉండేది. మూడు కార్తీకాలు ఎదురు చూసేవారు. మూడోది కూడా వెళ్ళిపోయాక ఆ మనిషి సామానంతా ఒక తెప్పమీద పెట్టి, నీళ్ళు వెనక్కి తీసే పాటు వేళ సముద్రానికి వదిలేసేవారు. ఒక్కటి ఉంచుకున్నా పోయినవాడి మనసు దానిమీదే ఉంటుందట. పైకి పోలేక ఒడ్డున కూర్చుని ఏడుస్తాడట. పెద్దలు అలా చెప్పారు, జనం అలా చేశారు.

ఆ తిప్పలో మరిడమ్మ అని ఒక ఇల్లాలు ఉండేది. చేపలు ఎండబెట్టి అమ్ముకునేది. ఆమె మొగుడు సత్తెయ్య ఓడలో కళాసీ. సత్తెయ్యది పుర్రచెయ్యి. అన్నం తినడం తప్ప అన్నీ ఎడమచేత్తోనే. తోటివాళ్ళు ఎగతాళి చేస్తే నవ్వేసేవాడు. పెళ్ళైన కొత్తలో పెళ్ళాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, పడవని గుంజకి ఎలా కట్టాలో నేర్పాడు. కొత్త కాపురం కదా, ఆ పాఠం కాస్త ఎక్కువ రోజులే సాగిందంటారు.

సత్తెయ్య ఓడెక్కాడు. ఒక కార్తీకం వెళ్ళింది, రాలేదు. రెండో కార్తీకం వెళ్ళింది, రాలేదు. మూడో కార్తీకం వెళ్ళింది, రాలేదు. ఓడా రాలేదు, ఓడలో మనుషులూ రాలేదు.

మరిడమ్మ ఏ పని చేసినా శుభ్రంగా చేసే మనిషి. మొగుణ్ణి సాగనంపడమూ అలాగే చేసింది. తెప్పమీద అతని పంచెలు పెట్టింది. చుట్టల పొట్లం పెట్టింది. తాగే ముంత, తలకింద దిండు, గుమ్మంలో విడిచిన పాత చెప్పులు పెట్టింది. చూరులో దోపుకున్న వేపపుల్ల కూడా మిగల్చలేదు. ఇంత శ్రద్ధగా ఎవరూ చేయలేదని కులపెద్ద అప్పలస్వామి అందరి ముందూ మెచ్చుకున్నాడు.

మర్నాడు తెల్లారింది. మొగుడిది ఏదైనా ఒకటి గుండెకి హత్తుకుని ఏడవాలనిపించింది మరిడమ్మకి. ఇల్లంతా వెతికింది. ఏమీ లేదు. ఒడ్డుకి పరిగెత్తింది. పోటు వచ్చింది, నురగ తెచ్చింది. పాటు వచ్చింది, నురగ తీసుకుపోయింది. తెప్ప మాత్రం తిరిగి రాలేదు. మనిషి పోయిన దుఃఖం ఒకటి, అతని గుడ్డపీలిక కూడా చేతిలో లేని దుఃఖం ఒకటి. రెండోదే ఎక్కువ కోసిందంటే నమ్ముతారా? నేను నమ్ముతాను.

కొన్నాళ్ళకి ఇంకో ఇంటి ముందు తెప్ప కట్టారు. ఈసారి పోయినవాడు వీరాసామి. మరిడమ్మ వెళ్ళి తెప్పకి అడ్డంగా నిలబడింది. ఒక్కటి నాకిచ్చి మిగతావి వదలండి అని అడిగింది. జనం బిత్తరపోయారు. కులపెద్దకి కోపం వచ్చింది.

"సామానుంటే పోయినోడు తిరిగొత్తాడే, మరిడమ్మా."

"రానియ్యండి పెద్దయ్యా. వత్తే నేను కూడెడతాను."

కులపెద్ద పక్కకి తప్పుకున్నాడు. వీరాసామి తల్లి తెప్పమీంచి కొడుకు తెడ్డు తీసి మరిడమ్మ చేతిలో పెట్టింది.

మరిడమ్మ ఒకే మాట అడిగింది. "ఎట్టా పట్టుకునేవోడమ్మా?"

తల్లి పట్టుకుని చూపించింది. మరిడమ్మ అలాగే పట్టుకుని నేర్చుకుంది. ఇంటికి పోయి వసారా గోడకి చిలక్కొయ్య దిగ్గొట్టింది. తెడ్డుని తాడుతో ముడేసి దానికి వేలాడదీసింది.

తర్వాత తెరచాపలు కుట్టేవాడి పెళ్ళాం ఒక దబ్బనం తెచ్చింది. "ఎట్టా పట్టుకునేవోడమ్మా?" అని అడిగింది మరిడమ్మ. ఆ పిల్ల చూపించింది. మరిడమ్మ నేర్చుకుంది, చిలక్కొయ్య కొట్టింది, ముడేసింది.

ఆ తర్వాత వచ్చినవాడు ఎవరనుకున్నారు? కులపెద్దే. కొడుకు పోయాడు. మంచులో పడవలకి దారి తెలియడానికి ఆ కొడుకు ఊదే శంఖం పైపంచెలో చుట్టుకుని, తల వంచుకుని వచ్చాడు.

"ఎట్టా పట్టుకునేవోడు, పెద్దయ్యా?"

పట్టుకుని చూపించాడు. ఊదబోయాడు, ఊపిరి రాలేదు. మరిడమ్మ శంఖం అందుకుని, చిలక్కొయ్య కొట్టి, ముడేసింది. ఆనాటి నుంచి ముసలాయన రోజూ వచ్చి ఆ శంఖాన్ని కాసేపు చేత్తో పట్టుకుని పోయేవాడు.

అలా వసారా గోడ నిండింది. తల్లులు వచ్చేవారు, పెళ్ళాలు వచ్చేవారు, తండ్రి మొహం ఎరగని పిల్లలు వచ్చేవారు. మరిడమ్మ వాళ్ళ చేతికి వస్తువిచ్చి, వేళ్ళు సరిచేసి, మీ అయ్య ఇట్టా పట్టుకునేవోడు అని చెప్పేది. పిల్లలు అలాగే పట్టుకునేవారు. ఆ క్షణాన తండ్రి చెయ్యి వాళ్ళ చేతిలోకి వచ్చేది.

గోడమీద అన్నీ నిండాయి గానీ, గుమ్మం పక్కన ఒక చిలక్కొయ్య మాత్రం ఖాళీగా ఉండేది. అది ఎవరిదని అడిగితే, మావోడిది అనేది మరిడమ్మ. అందరికీ తిరిగి రావడానికి ఒక ఆనవాలుంది, నావోడికి నేనే దారి లేకుండా చేశానని కుమిలిపోయేది. ఓడ వచ్చిన ప్రతిసారీ రేవుకి పోయి అడిగేది, మా సత్తెయ్యది ఏదైనా ఉందా అని. మొదటి ఓడవాళ్ళు లేదన్నారు. రెండో ఓడవాళ్ళు లేదన్నారు. మూడో ఓడవాళ్ళు ఆ సత్తెయ్య ఎవరన్నారు. ఆ తర్వాత ఆమె రేవుకి పోవడం మానేసింది.

జుట్టు నెరిసింది. నడుం వంగింది. అప్పుడు రంగం నుంచి నూకయ్య సరంగు వచ్చాడు. ఒకప్పుడు సత్తెయ్య ఓడని నడిపినవాడు అతనే. జ్వరం వచ్చి రంగంలో దిగిపోయాడు, ఓడ అతను లేకుండా బయల్దేరి మునిగిపోయింది. మొహం చెల్లక అక్కడే ఉండిపోయి, చూపు పోయాక పుట్టినచోట కన్నుమూద్దామని వచ్చాడు. జనం చెయ్యి పట్టుకుని మరిడమ్మ వసారాకి తీసుకొచ్చారు.

మరిడమ్మ నీళ్ళిచ్చి, మావోడిది ఏదైనా ఉందా అని అడిగింది. సరంగు దగ్గర సత్తెయ్యది ఏమీ లేదు. లేదని చెప్పలేక ముసలాయన లేచి గోడ తడుముకుంటూ నడిచాడు. తెడ్డు తడిమాడు. దబ్బనం తడిమాడు. శంఖం దగ్గర అతని వేళ్ళు తాడుమీద ఆగిపోయాయి. మళ్ళీ వెనక్కి వెళ్ళి దబ్బనం తాడు తడిమాడు, తెడ్డు తాడు తడిమాడు.

"ఈ ముళ్ళు ఎవరేశారమ్మా?"

"నేనే అన్నా. అన్నీ నేనే ఏశాను."

"ఈ తీరంలో ఎవడు ముడేసినా తాడు కుడికి తిరుగుద్ది. ఇది ఎడమకి తిరిగింది. మా ఓడలో ఒక్కడే ఇట్టా కట్టేవోడు, ఇప్పలేక మా పానం పోయేది. ఇది పుర్రచెయ్యి సత్తిగాడి ముడి."

మరిడమ్మ తన రెండు చేతులూ ముందుకి చాపి చూసుకుంది. తెప్పమీద అన్నీ పెట్టింది. ఈ చేతులు పెట్టడం మరిచిపోయింది. ఇన్నేళ్ళూ ఊళ్ళోవాళ్ళ మొగుళ్ళని, కొడుకుల్ని తన మొగుడి ముడితోనే గోడకి కట్టింది, తనకే తెలియలేదు. అతను ఎప్పుడో వచ్చేశాడు. రోజూ వస్తూనే ఉన్నాడు.

ఆమె జానెడు తాడు తీసి ఖాళీ చిలక్కొయ్యకి ముడేసింది. తాడు ఎడమకి తిరిగింది. ఆ పూట మరిడమ్మ ఇద్దరికి సరిపడా ఎసరు పెట్టింది.

ఆమె పోయాక కూడా ఆ ఇంటిని ఎవరూ తాకలేదు. ఇప్పుడు అదే మన మ్యూజియం. బోర్డుమీద పెద్ద పేరే రాశారు గానీ, మరిడమ్మ వసారా అంటేనే పడవవాళ్ళకి తెలుస్తుంది. ముట్టుకోకూడదు అనే మాట అక్కడ లేదు. ఏ వస్తువైనా చేతికిచ్చి, ఎలా పట్టుకునేవాడో చూపిస్తారు.

తిప్పలో ఎవరు సముద్రం మీదికి పోతున్నా ముందు ఆ వసారాకి వెళ్తారు. గుమ్మం పక్కన చిలక్కొయ్యకి ఒక తాడు కట్టి పోతారు, ఎడమకి తిప్పి. తిరిగొచ్చి ఎవరి ముడి వాళ్ళే విప్పుకోవాలి. ఇంకొకరు విప్పకూడదు. అందుకే మా ఇళ్ళల్లో వెళ్ళొస్తానంటే జాగ్రత్త అని చెప్పరు. వచ్చి నీ ముడి విప్పుకో అంటారు.

కథ ఒడ్డున పడింది, ఇక మీరూ లేవండి. పోతూ పోతూ ఆ చిలక్కొయ్య చూసి పోండి. అడుగున ఒక నీలం తాడుంది, రంగు వెలిసిపోయింది. అది మా అన్నది. నేను రోజూ దాని దుమ్ము దులుపుతాను. ముడి మాత్రం ముట్టుకోను, వాడొచ్చి విప్పుకుంటాడు.