వరసకు లొంగని వడియాలు

అనగనగా, ఎండాకాలం వస్తే డాబాల నిండా వడియాలు ఎండే ఒక ఊళ్ళో అచ్చాయమ్మ అని ఒక కోడలు ఉండేది. ఆమె అత్త రత్తమ్మకు వరసల పట్టింపు. పంచె మీద వడియాలు అన్ని వరసల్లోనూ సమంగా ఉండాలి, ఒక్కటి మిగిలినా ఊరుకునేది కాదు. కొన్ని రాశులేమో ఎలా పేర్చినా కుదిరేవి కావు. అప్పుడు అచ్చాయమ్మ ఆ మిగిలినదాన్ని నోట్లో వేసుకునేది.

"ఆ ఒక్కటీ ఎక్కడికి పోయిందే?" అనేది అత్త.

"కాకి ఎత్తుకుపోయిందత్తయ్యా."

"కాకి తింటే పిండి నీ మూతికి అంటిందేం?"

ఊ కొట్టవేం హైమా, నిద్రొచ్చిందా?

ఆ ఊరి పాడుబడిన కోటలో ఒక భూతం ఉండేది. దానిదీ వరసల పిచ్చే. లోపలికి వెళ్ళినవాళ్ళను రాళ్ళుగా మార్చి వరసలో నిలబెట్టేది. గడ్డి కోయడానికి వెళ్ళిన అచ్చాయమ్మ మొగుడు చలమయ్య కూడా అలాగే రాయైపోయాడు. విడిపించాలంటే ఒక్కటే పందెం. తెచ్చిన రాశిని భూతం సమానమైన వరసలుగా పేర్చలేకపోవాలి. మొత్తాన్ని ఒకే వరసగా పెట్టినా, వరసకు ఒక్కటే పెట్టినా చెల్లదు. భూతం పేర్చిందా, తెచ్చినవాళ్ళూ రాయే.

రాశి పెద్దదైతే చాలనుకుని రాజుగారు మంత్రి చేత వెయ్యి గుమ్మడికాయలు పంపారు. భూతం చిటికెలో పదేసి పేర్చి, మంత్రిని వరస చివర నిలబెట్టింది.

అచ్చాయమ్మ గంపకెత్తినవి వెయ్యిన్ని తొమ్మిది వడియాలు. ఒక వేసవిలో ఏ వరసకూ కుదరక పొద్దల్లా తనను ఏడిపించిన లెక్క అది. నువ్వూ రాయైపోతే నేనెవర్ని తిట్టుకోనే అని అత్త గుమ్మంలో కళ్ళొత్తుకుంది.

భూతం రెండేసి పేర్చింది, ఒకటి మిగిలింది. మూడేసి పేర్చింది, ఒకటి మిగిలింది. నాలుగేసి పేర్చింది, ఒకటి మిగిలింది. ఐదేసి పేర్చింది, నాలుగు మిగిలాయి. ఆరేసి, ఏడేసి, ఎనిమిదేసి, తొమ్మిదేసి, ఎలా పేర్చినా ఆ ఒక్కటీ మిగులుతూనే ఉంది. అలా ముప్పై ఒకటి దాకా వచ్చి, పదిహేడు మిగిలి, భూతం చతికిలబడింది.

ఓడిపోయావంది అచ్చాయమ్మ. భూతం గడుసుది. ఇంకా వెయ్యి దాకా అంకెలున్నాయి, అన్నీ అయ్యేదాకా నీ మొగుణ్ణి వదలను, ఏళ్ళు పట్టనీ అంది.

"అక్కర్లేదు భూతమయ్యా. ముప్పై రెండేసి చొప్పున ముప్పై రెండు వరసలకు వెయ్యిన్ని ఇరవై నాలుగు కావాలి. అన్ని లేవు కదా. కనుక వరసకు ముప్పై రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ పెడితే, వరసలు ముప్పై ఒకటికి మించవు. ఇప్పుడు పక్కకు వచ్చి నిలబడు. అడ్డం నిలువవుతుంది. అటునుంచి చూస్తే ఆ పొడుగు వరసలే, ముప్పై ఒకటి దాకా నువ్వు పేర్చి ఓడిన పొట్టి వరసలు."

భూతం పక్కకు వచ్చి, తల వంచి చూసింది. చాలాసేపు చూసింది. పుట్టి బుద్ధెరిగాక ఏ వరసనూ పక్కనుంచి చూడలేదట, పాపం. చేతిలోని వడియం జారి కింద పడింది.

అంతే, మంత్రి తుమ్మాడు. చలమయ్య కొడవలి కోసం వెతుక్కున్నాడు. కోటలోని రాళ్ళన్నీ మనుషులయ్యాయి. అందరూ వరసా గిరసా లేకుండా గుంపుగా బయటికి నడిచారు. ముందు డప్పులు, వెనక రాజుగారి పల్లకీ, పల్లకీలో ఒళ్ళో గంపతో అచ్చాయమ్మ.

రత్తమ్మ ఆ వడియాలన్నీ వేయించి ఊరందరికీ వడ్డించింది. భూతం కూడా వచ్చి పంక్తి చివర కూర్చుని తిన్నది. అందరికీ సమంగా పెట్టగా ఒక్కటి మిగిలింది. రత్తమ్మ దాన్ని కోడలి విస్తట్లో వేసి, "ఇది కాకికి" అంది.

అందుకే నాన్నా, కుదరని పనిని ఒకసారి పక్కనుంచి కూడా చూడాలి. కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లో దూరదాం.