అంకె లేని ఇంటికి కబురు

పూర్వం ఒక రాజ్యంలో ప్రతి ఇంటికీ ఒక అంకె ఉండేది. అంకె ఉన్న ఇంటికే బంట్లు కబురు మోసేవారు. బంట్ల జీతాల కోసమని అంకెల అధికారి పేర్రాజు కొత్త రుసుం వేశాడు. ఒక్క అంకె ఉన్న గుడిసెకైనా, గదికో అంకె చొప్పున నలభై అంకెలున్న తన దివాణానికైనా ఏడాదికి పది వరహాలేనట. ఏం సమానత్వమో!

బుట్టలల్లే సన్యాసమ్మ కట్టలేకపోయింది. ఆమె అంకె కొట్టేశారు. ఏటి అవతల ఆమె చెల్లెలికి నెలలు నిండాయి. అక్కణ్ణుంచి కబురు తెచ్చిన బంటు గుమ్మం ముందు నోరు మూసుకుని నిలబడ్డాడు. చెబితే కొలువు పోతుంది.

సన్యాసమ్మ అతన్ని వెంటబెట్టుకుని రాజసభకి పోయింది.

“అందరికీ ఒకటే వేశాను. ఇంతకన్నా న్యాయం ఏముందే?” అన్నాడు పేర్రాజు.

“బాగుంది బాబూ. కట్టలేని మా వాడలన్నీ ఇవాళే అంకెలు వదిలేస్తాయి. రేపటినుంచి బంట్ల జీతాలన్నీ తమరొక్కరే ఇచ్చుకోండి. కబుర్లు కూడా తమ దివాణంలోనే ఈ గదినుంచి ఆ గదికి పంపుకోండి.”

రాజు నవ్వాడు. ఎన్ని అంకెలుంటే అంత రుసుమనీ, ఒక్క అంకెకి ఒక్క కాసనీ అక్కడే తేల్చేశాడు.

సన్యాసమ్మ కొంగుముడి విప్పి కాసు పెట్టింది. బంటు వైపు తిరిగింది.

“ఇప్పుడు చెప్పు నాయనా.”

“ఆడపిల్లమ్మా. ఇద్దరూ క్షేమం. నువ్వొచ్చి పేరు పెట్టేదాకా ‘పాప’ అనే పిలుస్తుందంట నీ చెల్లెలు.”