కన్ను పెట్టిన చిలక

అనగనగా కొండల అవతల మణికేతుడని ఒక రాజుగారుండేవారు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దాడికి కోపం, నడిమివాడికి తొందర, చిన్నవాడు కువలయుడికి కాలు నిలవదు. అన్నం కూడా నడుస్తూనే తినేవాడు, నిజం.

ఒకరోజు ధూమ్రకంఠుడనే మాంత్రికుడు రాజ్యంలోని నిద్రంతా మూటగట్టి పట్టుకుపోయాడు. ఇక చూడండి, రాజుకి నిద్ర లేదు, బంటుకి నిద్ర లేదు, ఉయ్యాల్లో పాపకి నిద్ర లేదు. నెల తిరిగేసరికి రాణిగారు కన్నకొడుకుల్నే గుర్తుపట్టలేకపోయింది.

మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల, గుహ గోడ మీది చిలక బొమ్మలో ఉందని ముసలి మంత్రి చెప్పాడు. పెద్దాడు వెళ్ళాడు, రాలేదు. నడిమివాడు వెళ్ళాడు, రాలేదు. చిన్నవాడు బయల్దేరాడు. ఒక తాబేలు వీపున ఎక్కించుకుని, "కాస్త కదలకుండా కూర్చో బాబూ" అని సముద్రానికోసారి విసుక్కుంటూ దాటించింది.

గుహ నిండా ఎర్రమన్ను బొమ్మలే. దుప్పులు, ఎద్దులు, అరచేతి ముద్రలు, వంద చిలకలు. పక్కనే అన్నలిద్దరూ బొమ్మలై ఉన్నారు. కువలయుడు ఒక చిలక మీదికి చెయ్యి చాపాడు.

"ఆగు," అంది ఎర్రమన్ను నూరుతున్న పిల్ల. ఆ బొమ్మలు గీసేవాళ్ళ ఆడపడుచు, పేరు తుంబి. "తప్పు చిలకను ముట్టుకుంటే నువ్వూ గోడకెక్కుతావు."

"మరి ఏది ముట్టుకోను?"

"మేం బొమ్మకు కన్ను పెట్టం. పెడితే లేచి అడవిలోకి పోతుంది. అది లెక్కచెయ్యక ఆ మాంత్రికుడు చిలకను మంత్రంతో గోడకు బిగించి, ప్రాణానికి కాపలాగా ఆవగింజంత కన్ను పెట్టుకున్నాడు. వాలుటెండ పడితే రెప్ప కొడుతుంది. ఎవరు మెదిలినా మూసేస్తుంది. ఆ కన్ను చెరిపితే వాడి ప్రాణం పోతుంది."

"నువ్వే చెరపొచ్చుగా?"

"వేరేవాళ్ళ గీత మేం చెరపం. నువ్వు కూర్చో."

మొదటి సాయంత్రం కాలు గోక్కున్నాడు, చిలక దొరకలేదు. రెండో సాయంత్రం మడమ ఆడించాడు, దొరకలేదు. మూడో సాయంత్రం చీమ కుట్టింది. ఒళ్ళంతా లేచి పరిగెత్తమంటోంది. తనని ఎవరో అన్నట్టు చూసిన అమ్మ ముఖం తలుచుకుని బిగబట్టాడు. ఎండ వాలింది. పై వరసలో ఒక చిలక మినుక్కుమంది. చూపు తిప్పకుండా వెళ్ళి, తడి ఎర్రమన్నుతో ఆ కంటి మీద బొటనవేలు అదిమేశాడు.

మాంత్రికుడు ఉన్నచోటే బూడిదయ్యాడు. అన్నలిద్దరూ గోడ దిగి, "ఇంతసేపు ఏం చేశావురా?" అన్నారు మట్టి దులుపుకుంటూ.

"కూర్చున్నాను," అన్నాడు. వాళ్ళు నమ్మలేదు.

మూట విడిపోయి, రాజ్యమంతా నిద్ర వానలా కురిసింది. మూడురోజులకు లేచిన రాణిగారు, అప్పటికే అన్నలతో, తుంబితో తాబేలెక్కి తిరిగొచ్చిన చిన్నకొడుకుని చూసి, "కువలయా, అన్నం తిన్నావా?" అంది.

"తిన్నానమ్మా, కూర్చునే."

తుంబితో పెళ్ళి మాత్రం ఒకరోజు ఆలస్యమైంది. పురోహితుడు ఇంకా లేవలేదు మరి. తర్వాత ఇద్దరూ చాలా ఏళ్ళు చల్లగా ఏలారు. కథ సింహాసనం ఎక్కింది, మనం మంచం ఎక్కుదాం.