పిల్లికి పెట్టే వేళ

తెల్లవారుజాము ఐదు గంటలు. ఆకాశం తేటగా ఉంది. దక్షిణపు గాలి, మెల్లగా. చేపల వేటకి పోయేవాళ్ళు కోరుకునే పొద్దు అది.

మా చిన్నవాడు దానయ్య పడవ అంచు పట్టుకుని నీళ్ళలోకి నెడుతున్నాడు. నేను ఇసుక మీద నిలబడి "ఒరే దానీ!" అని పిలిచాను. చెప్పడానికి ఏమీ లేదు. వాడు తిరిగి చూస్తాడా లేదా అని, అంతే.

మా పేటలో వేటకి కదిలినవాణ్ణి వెనకనుంచి పిలవకూడదు. పిలిస్తే ఆ పడవ ఆగాలి. ఎక్కినవాళ్ళు దిగి, ఇళ్ళకి పోయి, కాళ్ళు కడుక్కుని, కాసేపు కూర్చుని మళ్ళీ రావాలి. ఈలోగా మిగతా పడవలు చేప ఉన్నచోటికి చేరిపోతాయి. ఆ నెలలో నేను అలా పిలవడం నాలుగోసారి.

పడవ నడిపే తండేలు పోలయ్య నాకు వరసకి మరిది. ఇసుకలోకి దిగి నా దగ్గరికి వచ్చాడు. గొంతు పెంచలేదు.

"ఒదినా, నీ బాధ నాకు తెల్దా? ఆరోజు నేనూ మునిగినోణ్ణే. కానీ మూడిళ్ళల్లో పొయ్యి వెలగాల. ఇంకోపాలి పిలిస్తే నీ చిన్నోడు ఒడ్డునే ఉంటాడు. ఆడి బదులు ఇంకొకణ్ణి ఎక్కిస్తాను."

దానయ్య నావైపు చూడలేదు. ఇరవై ఏళ్ళవాడు. తోటివాళ్ళ ముందు తల వంచుకుని పడవని మళ్ళీ ఒడ్డుకి లాగుతున్నాడు.

ఆషాఢంలో ఆ పడవ అలలు విరిగేచోట బోల్తా పడింది. పోలయ్య, అతని తమ్ముడు, మా ఇంటి మగవాళ్ళు ముగ్గురు, ఐదుగురూ బయటపడ్డారు. నలుగురు వెంటనే. దానయ్య ఆఖరున. ఆ మధ్య ఎంతసేపు గడిచిందో నాకు తెలియదు. తెలిసినవాళ్ళని నేను అడగలేదు. అప్పటినుంచి రోజూ నాలుగింటికి ఎవరో తట్టినట్టు మెలకువ వస్తుంది. లేచి, మా ఆయన, పెద్దవాడు కోదండు, చిన్నవాడు, ఒక్కొక్కరి ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. ఊపిరి తగులుతుంది. అయినా లేపుతాను. "ఉన్నావా నాయనా?" అంటాను. "ఉన్నానమ్మా" అనేదాకా వదలను. తర్వాత ఒడ్డుదాకా వెంట పోతాను.

ఆవేళ ఒడ్డునుంచి తిన్నగా అసిరయ్య గురువుగారి ఇంటికి పోయాను. ఆయన పగలు వలలు బాగుచేస్తారు. సాయంత్రాలు పేటలో కొందరికి తత్త్వం చెబుతారు. నేను ఉపదేశం తీసుకుని నాలుగేళ్ళు. ఆయనకో అలవాటుంది. ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. మొదట్లో చెవుడేమో అనుకున్నాను.

నేను వెళ్ళేసరికి ఆయన మంచం మీద కూర్చుని, సగం మూసిన కళ్ళతో ఒక తెల్లపిల్లికి ఎండుచేపలు పెడుతున్నారు. ఆయన భార్య సన్యాసమ్మగారు వాకిలి ఊడుస్తున్నారు.

"చూడు తవిటమ్మా," అన్నారావిడ చీపురు ఆపి. "ఊరందరికీ మేలుకోండి, మేలుకోండి అని బోధ. ఈయన మేలుకోడానికి పిల్లి కావాల."

"నాలుగింటికే వచ్చేస్తాది," అన్నారు గురువుగారు. "కంటిరెప్ప మీద కాలు పెడతాది. లేవకపోతే గడ్డం పీకుతాది. నాలుగు చేపలు పడేస్తే ఊరుకుంటాది."

నేను గుమ్మంలో కూర్చుని అడిగాను.

"గురువుగారూ, భయం నన్ను పడుకోనివ్వడం లేదు. నావల్ల నా కొడుక్కి పడవలో చోటు పోయేలా ఉంది. ఆ భయం రాకుండా ఏం చెయ్యాలి?"

ఆయన పిల్లిని ఎత్తి నా ఒళ్ళో పెట్టారు.

"దీని పేరు దొరసాని. తీసుకుపో. పొద్దు పొడిచేదాకా మనిషిని లేపకుండా ఉండడం దీనికి నేర్పి తీసుకురా."

"నేను అడిగింది..."

"నువ్వెలాగూ నాలుగింటికి లేస్తన్నావు కదా," అని మళ్ళీ పడుకున్నారు.

ఆ మధ్యాహ్నం వేటనుంచి వస్తూ పోలయ్య మా గుమ్మంలో పిల్లిని చూశాడు. "బాగుంది ఒదినా! వెనక పిలుపు అయింది, ఎదురుపిల్లి కూడా తెచ్చావు. ఇక తుమ్మడానికి ఎవరినైనా కుదుర్చుకుంటే సరి," అన్నాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. దానయ్య కూడా నవ్వాడు. ఆషాఢం తర్వాత వాడి పళ్ళు చూడడం అదే మొదలు.

మర్నాడు నాలుగింటికి నాకు మెలకువ వచ్చేసరికి దొరసాని నా గుండెల మీద కూర్చుని ఉంది. పాపం ఆకలి అనుకుని లేచి చేపలు పెట్టాను. ఎలాగూ లేచాను కదా అని అందరి ఊపిరీ చూశాను. రెండో రోజు అది ఇంకో పావుగంట ముందు వచ్చింది. మూడో రోజు చీపురు తిరగేసి వెంటపడ్డాను. వాకిలి చుట్టూ రెండుసార్లు పరుగెత్తి, హుషారుగా నా పక్కలోకే వచ్చింది. నాలుగో రోజు బయట పెట్టి తలుపు వేశాను. గోళ్ళతో తలుపు గీకింది. వీధి కుక్కలు అందుకున్నాయి.

మా ఆయన దుప్పటిలోంచి అన్నాడు. "ఒలే, ఈ ఇంట్లో లేపేవాళ్ళు తక్కువయ్యారని తెచ్చావేటి?"

ఐదో రోజు ఒడ్డున వల ముందు కూర్చున్న గురువుగారి దగ్గరికి పోయాను. "కొట్టబోయాను, తలుపు వేశాను, తిట్టాను. మానడం లేదు," అన్నాను.

"అది అరిస్తే నువ్వు లేచావా?"

"లేచాను. పెట్టడానికి కాదు, కొట్టడానికి."

"నువ్వెందుకు లేచావో దానికెందుకు? లేచావా, లేదా. దాని లెక్క అంతే." ఆయన చేతిలో సూది ఆగలేదు. "ఆకలి వెయ్యడం దాని తప్పు కాదు. సాయంత్రం ఆడించు. కడుపునిండా పెట్టి పడుకో. మళ్ళీ పెట్టడం నువ్వనుకున్న వేళకి. అది అరిచిన వేళకి కాదు."

"ఏ వేళ పెట్టమంటారు?"

"అది నువ్వు చూసుకో."

నేను ఆలోచించి, పడవలు తిరిగొచ్చే వేళ పెట్టుకున్నాను. అప్పుడైతే పచ్చిచేప దొరుకుతుంది.

ఆరోజునుంచి పద్ధతి మార్చాను. చీకటి పడకముందే పాత వలతాడు కొసన బెండుముక్క కట్టి వాకిట్లో లాగేదాన్ని. దొరసాని దాని మీదికి దూకేది. రెండు రోజులయ్యాక తాడు నా చేతిలోంచి పోయింది. కోదండు, దానయ్య వంతులేసుకుని లాగేవారు. ఆడించి, పిల్లికి పెట్టి, మగవాళ్ళ చద్దిమూటలు, నీళ్ళ సీసాలు తలుపు పక్కన సర్దేసి పడుకునేదాన్ని. పొద్దున్న నేను లేవాల్సిన పని ఉండకూడదు. లేస్తే దొరసాని గెలిచినట్టు.

నాలుగింటికి అది వచ్చేది. నేను కదలకుండా పడుకునేదాన్ని. అరిచేది. జుట్టు లాగేది. మగవాళ్ళు వాళ్ళంతట వాళ్ళు లేచి, చప్పుడు కాకుండా మూటలు తీసుకుని పోయేవారు. నేను లేస్తే ఇంట్లో ఏమవుతుందో వాళ్ళకి తెలుసు కాబట్టి నన్ను లేపేవారు కాదు. నేను పడుకున్నాననే అనుకునేవారు. కళ్ళు మూసుకుని అడుగుల చప్పుడు వినేదాన్ని. ఒకరు, ఇద్దరు, ముగ్గురు.

ఈ పద్ధతి పట్టాక ఆరో రోజు దొరసాని ఎన్నడూ లేనంత అరిచింది. పక్కింట్లో చంటిపిల్ల లేచి ఏడ్చింది. సిగ్గేసింది. చెయ్యి చాపి, మంచం పక్క డబ్బాలోంచి ఎండుచేప ఒకటి తీసి పడేశాను. ఒక్కటే.

చెబితే గురువుగారు నవ్వారు. "ఆరు రోజులు అరిస్తే చేప వస్తాదని నేర్పావు. ఇప్పుడు దానికి ఓపిక కూడా వచ్చింది. మంచిదే. మళ్ళీ మొదలెట్టు."

"ఆయన దగ్గర నేర్చిందే," అన్నారు సన్యాసమ్మగారు. "రోజూ ఇదే ఆఖరు చేప అంటారు. మూడేళ్ళనుంచి వింటన్నాను ఆ ఆఖరు."

మళ్ళీ మొదలెట్టాను.

రెండోసారి ఎనిమిదో రోజు. ఆవేళ గాలి మారింది. పడుకునే విన్నాను, తాటాకు చూరు కొట్టుకుంటోంది. దొరసాని వచ్చి నా గుండెల మీద ఎక్కింది. ఒక్కసారి అరిచింది. మా ఆయన లేచాడు, కోదండు లేచాడు, తలుపు తీసుకుని పోయారు. దానయ్య మూట తీసుకుని గుమ్మందాకా వెళ్ళి ఆగాడు.

"అమ్మా," అన్నాడు మెల్లగా.

నేను పలకలేదు.

"ఏటమ్మా, ఇన్ని రోజులై ఒక్కపాలీ లేవలేదు. ఒంట్లో బాగోలేదా?"

నోటిదాకా వచ్చింది. పలికితే పిల్లి మళ్ళీ అరుస్తుంది. పిల్లి అరిస్తే నేను లేస్తాను. నేను లేస్తే ఒడ్డుదాకా పోతాను. ఒడ్డున నా నోరు నా మాట వినదు. కళ్ళు బిగించుకున్నాను.

వాడు వెనక్కి వచ్చాడు. నా మంచం పక్కన గొంతుక్కూర్చున్నాడు. వలతాళ్ళు లాగి కాయలు కాసిన వేలు ఒకటి నా ముక్కు దగ్గర పెట్టాడు. కాసేపు అలాగే ఉంచాడు.

నేను ఊపిరి వదిలాను. వాడికి తగిలింది. లేచి, తలుపు దగ్గరగా వేసి, వెళ్ళిపోయాడు.

ఇన్నాళ్ళూ ఆ వేలు కింద పడుకున్నవాళ్ళకి ఎలా ఉండేదో అప్పుడు తెలిసింది.

దొరసాని నా గుండెల మీదినుంచి దిగి, కాళ్ళ దగ్గరికి పోయి, ముడుచుకుంది. బయట అడుగుల చప్పుడు దూరమైంది. పొద్దు పొడిచేదాకా ఇద్దరం అలాగే ఉన్నాం. తర్వాత లేచి వాకిలి చిమ్మాను.

మధ్యాహ్నానికి గాలి ఇంకా పెరిగింది. పిల్లిని అప్పగిద్దామని చంకన పెట్టుకుని ఒడ్డుకి పోయాను. గురువుగారు పడవ నీడన కూర్చుని వల కుడుతున్నారు. నేను పక్కనే కూర్చున్నాను.

"దొరసాని ఇప్పుడు లేపడం లేదు గురువుగారూ."

"రావడం మానేసిందా?"

"లేదు. నాలుగింటికి వస్తుంది. కాళ్ళ దగ్గర కూర్చుంటుంది."

"కూర్చోనీ," అన్నారాయన.

పడవలు ఒక్కొక్కటే అలలు దాటుకుని వస్తున్నాయి. మొదటిది మాది కాదు. రెండోది కాదు. నాలుగోది కూడా కాదు. దొరసాని నా ఒళ్ళోంచి దిగి ఇసుకలో కూర్చుని సముద్రంకేసి చూస్తోంది. దానికి తెలుసు, వేళయింది. నేను లేవబోయాను. ఆయన చూశారు. వల రెండో కొస తెచ్చి నా చేతుల్లో పెట్టారు. బిగించి పట్టుకున్నాను.

ఆరో పడవ మాది. అలలు విరిగేచోట ముక్కు పైకి లేచింది, దిగింది, మళ్ళీ లేచింది. ఒడ్డుకి తగిలింది.

పోలయ్య దూకాడు. ఒకటి. అతని తమ్ముడు. రెండు. మా ఆయన, బుట్ట పట్టుకుని. మూడు. కోదండు, నాలుగు. అక్కడ ఆగాను. పడవలో ఇంకెవరూ కనబడలేదు.

ఇంజను వెనకనుంచి దానయ్య లేచి నిలబడ్డాడు. తల తడిసి ఉంది. నన్ను చూసి, రెండు వేళ్ళతో ఒక చేపని తోక పట్టుకుని పైకెత్తి చూపించాడు. పిల్లికి అని.

"ఒదినా!" అని కేకేశాడు పోలయ్య. "రెండు వారాలై నీ పిలుపు లేదు. ఆరోగ్యం బాగుందా?"

"నా ఆరోగ్యానికేటి! నీ పడవ చూసుకో," అన్నాను.

గురువుగారు సూది కిందపెట్టారు.

"లెక్క అయిందా?"

"అయింది. ఐదుగురూ."

ఆయన నావైపు చూడలేదు. ఇసుకలో తోక చుట్టుకుని కూర్చున్న దొరసానికేసి చూశారు.

"అయితే ఇప్పుడు పెట్టు."